అటక మీద పెట్టెలో దొరికిన 1780 వెండి నాణెం: ఏ దేశంది, అసలుదేనా?

తెనాలి_రవి:
నమస్కారం అండి. మా ఊళ్లో పాత పెంకుటిల్లు విప్పదీస్తుంటే అటక మీదున్న రేకు పెట్టెలో, పాత దస్తావేజుల కింద, ఒక పెద్ద వెండి నాణెం కనబడింది. మన పాత వెండి రూపాయి కంటే బాగా పెద్దది, చేతిలో బరువుగా ఉంది. ఒకవైపు లావుపాటి ఆవిడ బొమ్మ, తల మీద ముసుగు, భుజం దగ్గర పూసలు పొదిగిన పిన్ను. రెండో వైపు రెక్కలు చాపిన రెండు తలల పక్షి, మన గండభేరుండం లాగా ఉంది, పైన కిరీటం. 1780 అని స్పష్టంగా ఉంది, దాని పక్కన ఇంటూ గుర్తు. విక్టోరియా రాణి అని నాన్న అంటున్నారు గానీ సంవత్సరం కుదరట్లేదు. మా బావ ఎక్కడో వీడియో చూసి పాతిక లక్షలు వస్తాయని ఇంట్లో అందర్నీ హడావిడి పెట్టేశాడు. ఫొటోలు పెట్టాను. ఇది ఏమిటో, అసలుదో నకిలీదో ఎలా తేల్చుకోవాలో చెప్పండి.

కోస్తా_చరిత్ర:
తెనాలి వైపు అంటే మచిలీపట్నం దగ్గరే కదా, డచ్చి వాళ్ల నాణెం అయి ఉండొచ్చా? 17వ శతాబ్దంలో వాళ్లు మన తీరంలో బట్టలు కొనడానికి వెండి ఓడల్లో తెచ్చేవాళ్లు.

నాణేల_శాస్త్రి:
డచ్చిది కాదండి. వాళ్ల కంపెనీ నాణేల మీద మూడక్షరాలు పెనవేసిన కంపెనీ గుర్తు ఉంటుంది, పెద్ద వెండి నాణేల మీదైతే గుర్రపు రౌతో, ఓడో కనిపిస్తుంది. మీరన్న వెండి వచ్చిన మాట నిజమే, స్పెయిన్ రియాళ్లు కూడా చాలా వచ్చాయి, కాకపోతే వాటిలో ఎక్కువ భాగం ఇక్కడి టంకశాలల్లో కరిగిపోయి మన నాణేలు అయిపోయాయి.

రవి గారూ, ఫొటో చూడగానే తెలిసిపోయింది. ఇది మరియా థెరీసా థేలర్. థేలర్ అంటే ఆ కాలపు పెద్ద వెండి నాణెం. మరియా థెరీసా ఆస్ట్రియా పాలకురాలు, హంగరీ, బొహీమియాలకు రాణి. ఆ ముసుగు వైధవ్యానిది, భర్త మొదటి ఫ్రాన్సిస్ 1765లో పోయాక ఆవిడ బొమ్మ నాణేల మీద అలాగే వేశారు. చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలు ఆవిడ బిరుదులు. బొమ్మ కింద భుజం దగ్గర ఎస్, ఎఫ్ అని రెండు చిన్న అక్షరాలు ఉండాలి, చూడండి. గూంజ్‌బర్గ్ టంకశాలలో పనిచేసిన షోబుల్, ఫాబీ అనే ఇద్దరు అధికారుల పొడి అక్షరాలు అవి. ఆ ఊరు ఇప్పుడు జర్మనీలోని బవేరియాలో ఉంది. మీరు ఇంటూ అంటున్నది శిలువ గుర్తు.

ఇక అసలు సంగతికొస్తాను, దీన్ని కాస్త నిదానంగా చదవండి. ఆవిడ 1780 నవంబర్ 29న చనిపోయారు. ఈ నాణెం ఎర్ర సముద్రం చుట్టుపక్కల దేశాల్లో, అంటే యెమెన్, ఇథియోపియా వైపు, ఎంత నమ్మకం సంపాదించుకుందంటే అక్కడి వ్యాపారులు ఇదే బొమ్మ, ఇదే తేదీ ఉంటేనే తీసుకునేవాళ్లు. దాంతో ఆవిడ పోయాక కూడా తేదీ మార్చకుండా 1780 అనే కొడుతూ వచ్చారు. ఈ రోజుకీ వియన్నాలోని ఆస్ట్రియా టంకశాల కొడుతూనే ఉంది. కాబట్టి దీని మీద 1780 ఉన్నంత మాత్రాన 1780లో చేసిందని లెక్కకాదు, అలాగని నకిలీ అని కూడా అనలేం. మీరు తేల్చుకోవాల్సినవి రెండు. ఒకటి, అధికారిక టంకశాలలో సరైన వెండితో కొట్టిందా కాదా. రెండు, కొట్టింది ఎక్కడ, ఎప్పుడు. మొదటిది ఇంట్లోనే చాలావరకు తేలుతుంది. రెండోది కష్టం, కానీ అసలు ఆసక్తి అంతా అక్కడే ఉంది.

బార్కస్_సలీం:
శాస్త్రి గారు చెప్పింది కరెక్ట్. మాది హైదరాబాద్ బార్కస్, మా ముత్తాతలు నిజాం ఫౌజులో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు. అటువైపు దీన్ని రియాల్ ఫ్రాన్సీ అంటారు. ఆడవాళ్లు చెవి అతికించుకుని మెడలో వేసుకునేవాళ్లు, మా నానమ్మ హారంలో కూడా ఇది చూశాను. రవి భాయ్, మీ దాని పై అంచున అతుకు వేసిన మచ్చ ఏమైనా ఉందా చూడండి. ఆ మచ్చ ఉంటే మెడలో వేసుకున్నదని అర్థం, కలెక్టర్ల దగ్గర రేటు తగ్గుతుంది.

వెండిపని_బ్రహ్మం:
ముందు ఒక మాట. దయచేసి దాన్ని తోమకండి. చింతపండు, విభూది, వెండి సామాను తోమే పొడి, టూత్‌పేస్టు ఏదీ వద్దు. ఆ నల్లటి పొర పోతే మళ్లీ రాదు, సన్నటి గీతలు పడితే చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది. గీటురాయి మీద గీసి చూస్తామని షాపు వాళ్లు అంటే కూడా ఒప్పుకోవద్దు, యాసిడ్ చుక్క అసలే వద్దు. ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను, మంచి నాణేలు నా కళ్ల ముందే గీటుతో పాడయ్యాయి.

పాడుచేయకుండా చూసే దారి చెబుతాను. గ్రాములో వందో వంతు చూపించే చిన్న త్రాసు తెచ్చుకోండి, నగల షాపుల్లో ఉండేదే, ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. ముందు మామూలుగా తూచి రాసుకోండి. తర్వాత త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెలు సున్నాకి తెచ్చి, నాణేన్ని సన్నటి దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుక్కీ పక్కలకీ తగలకుండా వేలాడదీయండి. అప్పుడు త్రాసు చూపించే అంకె నాణెం పక్కకి నెట్టిన నీళ్ల బరువు. మొదటి బరువుని దీనితో భాగిస్తే సాంద్రత వస్తుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకోకుండా చూసుకోండి, వాటివల్లే ఎక్కువమందికి లెక్క తప్పుతుంది.

శాస్త్రి గారూ, దీని టంచు, అంటే వెండి పాలు, ఎంత ఉండాలో మీరు చెప్పండి.

నాణేల_శాస్త్రి:
బరువు 28.0668 గ్రాములు, వెండి వెయ్యికి 833 పాళ్లు, మిగతాది రాగి. అంటే అసలు వెండి 23.39 గ్రాములు. అడ్డం 39.5 నుంచి 41 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఈ మిశ్రమానికి సాంద్రత 10.2 దగ్గర రావాలి, కాబట్టి బ్రహ్మం గారు చెప్పిన నీళ్ల పరీక్షలో త్రాసు 2.75 దగ్గర ఆగాలి. జర్మన్ సిల్వర్‌తో (పేరే వెండి, నిజానికి రాగి, నికెల్, జింకు మిశ్రమం) చేసిన నకిలీ అదే బరువుండాలంటే లావుగానో వెడల్పుగానో ఉండాలి, త్రాసు 3.2 దాటి చూపిస్తుంది. సీసం కలిపినదైతే 2.5 చుట్టూ ఆగిపోతుంది.

అయస్కాంతం కూడా పెట్టి చూడండి, అంటుకుంటే అది అసలు నాణెం కాదు, ఇక చర్చ అక్కర్లేదు. అంటుకోకపోతే మాత్రం వెండి అని రుజువు కాదు, ఇత్తడీ జర్మన్ సిల్వరూ కూడా అంటుకోవు.

అంచు ఫొటోలు తప్పకుండా పెట్టండి. చాలామంది ముందూ వెనకా తీసి అంచు వదిలేస్తారు, ఈ నాణేనికి ప్రాణం అక్కడే ఉంది. చుట్టూతా లాటిన్‌లో ఇయుస్టిషియా ఎట్ క్లెమెన్షియా అని, మధ్యలో లతల అల్లికలతో ఉంటుంది. న్యాయం, దయ అనే ఆవిడ నినాదం అది. అచ్చులో పోసి చేసిన నకిలీల్లో ఆ అక్షరాలు ముద్దగా ఉంటాయి, రెండు సగాలు కలిపిన గీత అంచు చుట్టూ కనబడుతుంది.

హైటెక్_సునీత:
ఎవరైనా ఫోన్ చేసి మీ నాణేన్ని పాతిక లక్షలకు కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అంటే కట్ చేసేయండి రవి గారూ. అది పచ్చి మోసం. రిజర్వ్ బ్యాంక్ పేరు, లోగో కూడా వాడేస్తున్నారు. అలాంటి కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, ఏ కమిషనూ అడగమని రిజర్వ్ బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది. మీ బావగారికి ఈ మెసేజ్ చూపించండి ప్లీజ్.

తెనాలి_రవి:
అందరికీ చాలా థాంక్స్. ఎస్, ఎఫ్ అక్షరాలు ఉన్నాయి. తెలిసిన నగల షాపులో త్రాసు అడిగి తీసుకున్నాను. బరువు 28.05. నీళ్లలో 2.76. భాగిస్తే 10.16 వచ్చింది. అడ్డం 40 మిల్లీమీటర్లు. అయస్కాంతం అంటుకోలేదు. అంచు మీద అక్షరాలు పదునుగా ఉన్నాయి, గీత ఏమీ లేదు. అతుకు మచ్చ కూడా లేదు సలీం భాయ్. అంచు చుట్టూ తిప్పుతూ ఫొటోలు తీసి పెట్టాను.

ఇంకో సంగతి. పెట్టెలో ఉన్న కాగితాలు ఇవాళ ఒక్కొక్కటీ విప్పి చూస్తే మా చిన్న తాతగారి మిలటరీ డిశ్చార్జి కాగితం దొరికింది. మద్రాస్ సాపర్స్ (సైన్యంలో రోడ్లు, వంతెనల పని చూసే దళం) అని ఉంది. ఆయన యుద్ధంలో ఆఫ్రికా వెళ్లారని ఇంట్లో అనుకోవడం తప్ప ఎవరికీ వివరాలు తెలియవు. దీనికీ దానికీ లింకు ఉంటుందా?

అడిస్_మాస్టారు:
రవీ, నేను ఇథియోపియాలో యూనివర్సిటీలో పాఠాలు చెబుతాను, మాది విజయనగరం. నీ పోస్టు చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. లింకు ఉండడానికి బాగా అవకాశం ఉంది. 1941లో ఇటలీ వాళ్ల మీద ఎరిట్రియాలో జరిగిన యుద్ధంలో మన భారత 4వ, 5వ డివిజన్లు పోరాడాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కెరెన్ దగ్గర కొండల్లో జరిగిన పోరు చాలా భయంకరమైనది. 4వ డివిజన్‌తో మద్రాస్ సాపర్స్ 12వ ఫీల్డ్ కంపెనీ ఉంది. కొండ కనుమలో ఇటలీ వాళ్లు పేల్చేసి మూసేసిన రోడ్డును తెరిచే పని సాపర్లదే. ఆ దళంలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉండేవాళ్లు.

అప్పట్లో ఇక్కడ పల్లెల్లో చెల్లే డబ్బు ఈ థేలరే. కాగితం నోటు చూపిస్తే రైతు గుడ్డు కూడా అమ్మేవాడు కాదు. ఇటలీకి ఎదురు తిరిగిన స్థానిక యోధులకు బ్రిటిష్ వాళ్లు ఇచ్చిన డబ్బు కూడా పెట్టెల కొద్దీ ఇవే. కాబట్టి ఒక సిపాయి జేబులో ఒకటి ఇంటికి చేరడంలో వింత లేదు. అంతకు ముందు 1867-68లో బ్రిటిష్ సేనాని నేపియర్ ఇథియోపియా మీద చేసిన దండయాత్ర కూడా బొంబాయి నుంచే బయల్దేరింది, దానికోసం వియన్నాలో లక్షల కొద్దీ ఇవి కొట్టించారు.

నకిలీల గురించి కూడా చెప్పాలి. ఇక్కడి రాజధాని అడిస్ అబాబాలో మెర్కాటో బజారులో టూరిస్టులకి అమ్మేవాటిలో తేలిక లోహానికి పైపూత వేసినవి నేను చూశాను. బొమ్మ ముఖం సబ్బుముక్క అరిగినట్టు మెత్తగా ఉంటుంది, పిన్నులో ముత్యాలు విడివిడిగా కనబడవు. వెనకటి వ్యాపారులు ఆ ముత్యాలే లెక్కపెట్టి తీసుకునేవాళ్లు, తొమ్మిది ఉండాలి. నీ ఫొటోలో విడివిడిగా ఉన్నాయి, లెక్క సరిపోయింది.

నాణేల_శాస్త్రి:
మాస్టారూ, మంచి సంగతి చెప్పారు. దీన్ని నాణేల వైపు నుంచి కొంచెం పూర్తి చేస్తాను.

1935లో ముస్సోలినీ ఇథియోపియా మీద దండెత్తే ముందు ఆస్ట్రియా దగ్గర ఈ అచ్చుల హక్కు తీసుకుని రోమ్‌లో కొట్టించడం మొదలుపెట్టాడు. వియన్నా నుంచి రావడం ఆగిపోయేసరికి ఎర్ర సముద్రపు వర్తకం నడిపే మిగతా వాళ్లకు చిక్కొచ్చింది. పారిస్, లండన్, బ్రస్సెల్స్ తమకు తామే అచ్చులు తయారు చేసుకుని కొట్టాయి. ఇక 1940, 41 సంవత్సరాల్లో మన బొంబాయి టంకశాలలో దాదాపు కోటి తొంభై లక్షల థేలర్లు కొట్టారు, మాస్టారు చెప్పిన ఆ తూర్పు ఆఫ్రికా యుద్ధం కోసమే. ఆస్ట్రియా రాణి బొమ్మ ఉన్న నాణెం మన బొంబాయిలో తయారై, మన సిపాయిలు నడిచిన దారిలో ఇథియోపియా వెళ్లింది. నాకు ఈ నాణెం మీద ఇంత ప్రేమ ఉండడానికి ఇదే కారణం. యుద్ధం అయ్యాక 1949 నుంచి కొన్నేళ్లు బర్మింగ్‌హామ్‌లో కూడా కొట్టారు.

రవి గారి నాణెం విషయానికొస్తే, బరువు, సాంద్రత, అంచు మూడూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి పైపూత నకిలీ కాదని నమ్మకంగా అంటాను. ఇక ఎక్కడిది అన్నది తేల్చడానికి చూసే చోట్లు ఇవి: పక్షి తోక ఈకల అమరిక, రెక్కల అంచున ఈకలు, పిన్ను ఆకారం, ఎస్ ఎఫ్ అక్షరాల పక్కన చుక్కలు, తేదీ పక్కన శిలువ, అంచు మీద అల్లిక. ఒక్కో టంకశాల అచ్చుకి ఇవి కొద్ది కొద్దిగా మారతాయి. తోక, పిన్ను, అంచు అల్లికలను దగ్గర్నుంచి, పక్క వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసి పెట్టండి. ఫ్లాష్‌తో తీస్తే వెండి తెల్లగా వెలిగిపోయి వివరం అంతా పోతుంది.

తెనాలి_రవి:
కొత్త ఫొటోలు పెట్టాను. కిటికీ దగ్గర పొద్దున్న ఎండలో తీశాను. బొంబాయిది అయితే ఎంత బాగుంటుందో! నాన్న అప్పుడే చుట్టాలందరికీ తాతగారు కెరెన్ నుంచి తెచ్చారని చెప్పేస్తున్నారు.

నాణేల_శాస్త్రి:
చాలా బాగా వచ్చాయి. అచ్చు పనితనం, అంచు సమంగా ఉండడం చూస్తే 18వ శతాబ్దంది కాదు, 20వ శతాబ్దపు కొట్టుడు అనే నా అభిప్రాయం. తోక ఈకలు బ్రిటిష్ అచ్చుల గుంపుకి దగ్గరగా ఉన్నాయి, బొంబాయి ఆ గుంపులోదే. అంతకు మించి ఫొటో చూసి ముద్ర వేయడం న్యాయం కాదు. టంకశాల రకాల మీద పనిచేసిన మనిషి నాణేన్ని చేతిలో పట్టుకుని, భూతద్దంతో, తెలిసిన నమూనాల పక్కన పెట్టి చూడాలి. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో నాణేల ప్రదర్శనలు జరుగుతుంటాయి, అక్కడికి అలాంటివాళ్లు వస్తారు.

ఒక విన్నపం రవి గారూ. కెరెన్ కథ ఇంట్లో చెప్పుకోండి, డిశ్చార్జి కాగితం ఉంది కాబట్టి అది గాల్లోంచి పుట్టిన కథ కాదు. కానీ రాసిపెట్టేటప్పుడు ఏది కాగితం చెబుతోంది, ఏది నాణెం చెబుతోంది, ఏది మన ఊహ అన్నది విడివిడిగా రాయండి. ఈ మూడూ కలిపి రాసేస్తే మీ పిల్లల కాలానికి ఊహే నిజంగా స్థిరపడిపోతుంది.

కోస్తా_చరిత్ర:
సాపర్స్ రికార్డులు బెంగళూరులోని వాళ్ల రెజిమెంటల్ సెంటర్‌లో అడిగి చూడొచ్చు రవి గారూ. డిశ్చార్జి కాగితం మీద సర్వీస్ నంబరు ఉంటే దాంతో ఉత్తరం రాయండి. ఆయన ఏ కంపెనీలో ఉన్నారో తెలిస్తే సగం పని అయినట్టే.

తెనాలి_రవి:
నంబరు ఉంది సార్, తప్పకుండా రాస్తాను. ఇంకో డౌటు. మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, వచ్చే నెల వస్తున్నాడు. అక్కడ గ్రేడింగ్ (నాణెం ఎంత బాగుందో నిపుణులు తేల్చి మార్కులు వేయడం) చేయించి డబ్బాలో సీల్ వేయిస్తాను, నాతో పంపించు అంటున్నాడు. పంపొచ్చా? ఇల్లు విప్పితే దొరికింది కాబట్టి ప్రభుత్వానికి చెప్పాలా అని అమ్మకు ఒకటే టెన్షన్.

లా_పద్మ:
రెండు వేరు వేరు చట్టాలు తమ్ముడూ. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం భూమిలో గానీ, భూమికి అంటుకుని ఉన్న కట్టడంలో గానీ దాచిన వస్తువుకి వర్తిస్తుంది, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. అంటే గోడలో పూడ్చిపెట్టిన కుండ దొరికి ఉంటే అమ్మగారి టెన్షన్‌కి అర్థం ఉంది. మీది మీ ఇంటి పెట్టెలో మీ కుటుంబ కాగితాల మధ్య ఉన్న వస్తువు, దాన్ని నిధి అనరు. అయినా పెట్టె, కాగితాలు, నాణెం కలిపి తీసిన ఫొటో ఒకటి దాచుకోండి.

విదేశాలకు పంపడం వేరే విషయం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని దేశం దాటించడానికి మామూలు మనిషికి వీల్లేదు. శాస్త్రి గారు చెప్పినట్టు 1940 ప్రాంతంది అయితే వందేళ్లు కాలేదు. కానీ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ అధికారికి కనబడేది 1780 అనే అంకె, ఆయనకి ఈ కథంతా ఎవరు చెప్తారు? తీసుకెళ్లాలనే అనుకుంటే ముందుగా భారత పురావస్తు సర్వేక్షణ వాళ్ల దగ్గర ఇది పురావస్తువు కాదనే సర్టిఫికెట్ తీసుకోవాలి. అది లేకుండా తమ్ముడి సూట్‌కేసులో పెట్టొద్దు. నా మాట వింటే ఇక్కడే ఉంచండి.

బార్కస్_సలీం:
పద్మ అక్క మాటే నా మాట. పైగా గ్రేడింగుకయ్యే ఖర్చు నాణెం రేటు కంటే ఎక్కువయ్యేలా ఉంది. ఈ నాణెం లక్షలు కాదు, కోట్ల సంఖ్యలో ఉంది ప్రపంచంలో. 20వ శతాబ్దంది అయితే వెండి ధరకి కాస్త పైన పోతుంది, అంతే. ఆ రోజు వెండి గ్రాము రేటుని 23.39తో గుణిస్తే కనీసం ఎంతో మీకే తెలుస్తుంది. అంతకంటే తక్కువకి ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు.

తెనాలి_రవి:
అమ్మే ఆలోచన లేదు భాయ్. బావకు కూడా సునీత గారి మెసేజ్ చూపించాం, నమ్మాడు. నిన్న విజయవాడలో హాల్‌మార్కింగ్ సెంటర్‌లో ఎక్స్‌రే మెషీన్ మీద కూడా పెట్టించాను. వెండి 83.1, మిగతాది దాదాపు అంతా రాగి. గీతలేమీ పడలేదు.

వెండిపని_బ్రహ్మం:
మంచి పని చేశావు. ఆ మెషీన్ పై పొరనే చదువుతుంది, మందంగా వెండి పూత వేసిన నాణేన్ని కూడా బాగుందని చెప్పేస్తుంది. కానీ నీకు నీళ్ల పరీక్ష కూడా సరిపోయింది కాబట్టి లోపలా పైనా ఒకటే లోహం. రెండూ కలిపితేనే రుజువు.

తెనాలి_రవి:
అర్థమైంది బాబాయ్. చివరిగా ఒకటి, దీన్ని ఎలా దాచాలి? అమ్మ పూజ గదిలో కుంకుమ భరిణెలో పెడతానంటోంది.

వెండిపని_బ్రహ్మం:
కుంకుమలో వద్దు, తడి చేరితే మచ్చలు పడతాయి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు అసలే వద్దు, కొన్నేళ్లకి ఆకుపచ్చ జిగురు పడుతుంది. రబ్బరు బ్యాండు కూడా వెండిని నల్లబరుస్తుంది. నాణేల కోసం అమ్మే గట్టి ప్లాస్టిక్ గుండ్రటి డబ్బా, 41 మిల్లీమీటర్లది, తెప్పించుకో. అంచులు పట్టుకుని పెట్టు, ముఖాన వేలు తగలనివ్వొద్దు. డబ్బా పక్కన తడి పీల్చే చిన్న సిలికా పొట్లం వేస్తే చాలు, తర్వాత దాన్ని పూజ గదిలోనే పెట్టుకోమను, తప్పేం లేదు.

నాణేల_శాస్త్రి:
బెంగళూరు నుంచి జవాబు వస్తే ఇదే చర్చలో రాయండి రవి గారూ, కొత్తది తెరవద్దు. 12వ ఫీల్డ్ కంపెనీ అని తేలితే మాస్టారికీ నాకూ మీ తాతగారి గురించి అడగాల్సినవి చాలా ఉన్నాయి.